అన్నపూర్ణమ్మ గోడ

పుంగనూరు పొలిమేరలో, చౌడేపల్లె రోడ్డును ఆనుకుని ఉన్న ఆ హైస్కూల్లో ఆడపిల్లలు నీళ్ళు తాగరు. పొద్దున ఇంట్లో ఇంత సంగటి తిని బస్సెక్కితే, సాయంత్రం మళ్ళీ ఇల్లు చేరి చెంబు ఎత్తేదాకా గొంతు తడుపుకోరు. బడిలో నీళ్ళు లేక కాదు. ఆఫీసు గది పక్కన కొళాయి ఉంది, రోజంతా కారుతూనే ఉంటుంది. తాగితే పోవాలి, పోవాలంటే అన్నపూర్ణమ్మ దగ్గరికి పోవాలి. అదీ వాళ్ళ భయం.

అన్నపూర్ణమ్మ ఎవరంటే, మదనపల్లెలో టమేటా మండీ పెట్టి బాగా గడించిన కుప్పుస్వామి గారి తల్లి. ఆమె పోయాక ఆయన తాను చదువుకున్న బడికి ఏదైనా చేయాలనుకున్నాడు. గది కట్టిద్దామంటే గదులన్నిటికీ అప్పటికే ఎవరెవరి పేర్లో పడిపోయాయి. మిగిలింది ఆడపిల్లల మరుగుదొడ్డి. సరే, అదే కానీమన్నాడు. వాస్తు చూసే ఆయన వచ్చి వాకిలి తూర్పుకే ఉండాలన్నాడు. తూర్పున రోడ్డు, రోడ్డు మీద బస్టాపు. వాకిలి పైన తల్లి పేరు చెక్కిన నల్లరాయి పెడితే బస్సుల్లో పోయేవాళ్ళంతా చదువుకుంటారు గదా అని కుప్పుస్వామి గారికీ అదే నచ్చింది. హెడ్మాస్టరు మురళీధర్ తన వంతుగా గోడలు భుజాల ఎత్తు దాటకూడదన్నాడు. లోపల ఎవరెంతసేపు ఉన్నారో తెలియకపోతే క్రమశిక్షణ ఏం కావాలని ఆయన బాధ. తలుపుకు గడియ బయట పెట్టించారు, లోపల పెట్టించలేదు. ఇంతమంది పెద్దమనుషులు కూర్చుని ఆలోచించారు గానీ, లోపల కూర్చోబోయే పిల్లను ఒక్కరూ తలుచుకోలేదు.

అందుకని ఆ పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరిద్దరు పోతారు. ఒకతె లోపలికి పోతే రెండోది తలుపుకు వీపు ఆనించి, ఓణీ చెంగు గోడ మీదుగా ఎత్తి పట్టుకుని నిలబడుతుంది. పదో తరగతి మునీశ్వరికి హీనా పట్టేది, హీనాకు మునీశ్వరి పట్టేది. ఆరో తరగతి నుంచీ వాళ్ళది అదే జత. బస్టాపులో పనీపాటా లేని మగపిల్లలు ఎప్పుడూ ఉంటారు.

"ఏం పాపా, అన్నపూర్ణమ్మ దర్శనం అయిందా? తీర్థం ఇచ్చిందా?"

ఈ మాటకు వాళ్ళు ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుతారు. మునీశ్వరి అక్క ఈ నవ్వులకే ఎనిమిదిలో బడి మానేసింది. పెద్దమనిషైన మూడో నెలలో ఒకరోజు పావడాకు మరక అంటుకుని, ఆ బస్టాపు ముందు నుంచి నడిచి బస్సెక్కి, ఇంటికొచ్చి పుస్తకాలు అటక మీద పెట్టేసింది. మళ్ళీ దించలేదు. మునీశ్వరి మాత్రం పదో తరగతి పరీక్ష రాసి తీరతానని ఇంట్లో మొండికేసి కూర్చుంది. తండ్రి రెడ్డెప్ప కూలి పనులు చేసుకునే మనిషి, నెమ్మదస్తుడు. కూతురు చదువుతానంటే వద్దనలేదు గానీ ఒక మాట అన్నాడు. "చదువుకో మ్మే. మన గురించి మాత్రం నలుగురూ ఒక మాట అనకూడదు. అట్ల అన్న దినంతో నీ చదువు సాలు."

ఆ సోమవారం చిత్తూరు నుంచి ఇందిరమ్మ అనే ఇంజనీరు వచ్చింది. బళ్ళలో మరుగుదొడ్లు కట్టినా పిల్లలు ఎందుకు పోవడం లేదో చూసి, సరిచేయించే పని ఆమెది. మొహాన చెమట తుడుచుకుంటూ పదో తరగతి గదిలోకి వచ్చి, ఆడపిల్లల వైపు తిరిగి అడిగింది.

"బాత్రూముకు పోతున్నారా అమ్మా? ఏమైనా ఇబ్బందులున్నాయా?"

ఆమె వెనక మురళీధర్ సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు మేడమ్," అన్నారు పిల్లలు అందరూ ఒక్క గొంతుతో.

"చూశారా?" అన్నాడు సారు.

ఇందిరమ్మ సంచిలో నుంచి కొలిచే టేపు తీసింది. టేపు చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంది. ముందు బెంచీలో ఉన్న మునీశ్వరిని వేలితో పిలిచింది. ఇద్దరూ మైదానం దాటి పోయి గోడ కొలుస్తుంటే బస్టాపులో నుంచి ఈల వినపడింది. పిల్లకు పడిందా, ఇంజనీరమ్మకు పడిందా తెలియదు. ఇందిరమ్మ మొహం మాత్రం ఎర్రబడింది. టేపు చుట్టేసి, లోపల నిలబడి, తన తల గోడ పైకి ఎంత కనబడుతోందో చేత్తో చూసుకుంది.

"నువ్వే కట్టించేదైతే ఎట్లా కట్టిస్తావు?"

మునీశ్వరి చుట్టూ చూసింది. సారు దూరంగా ఉన్నాడు. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు కాబట్టి అడిగేసరికి నోట్లో నుంచి అంతా ఒకేసారి వచ్చింది.

"తలుపు ఈతట్టు ఉండకూడదు మేడమ్. ఎనకతట్టుకు పెట్టల్ల. ఈడ మేము లేసి నిలబడితే ఎవురు లేసినారో బస్సులో వాళ్ళకంతా తెలుస్తాది. గోడ ఇంగా పైకి పోవల్ల, రోడ్డు మీద నిలబడి ఎంత సూసినా ఏమీ కనబడకూడదు. ఎవురు పోతాండారో గూడా తెలీకూడదు. మళ్ళా... లోపల గడియ. గడియ ఉంటే సాలు మేడమ్, ఇంగొకరు కావల్లి ఉండే పని లేదు. నీళ్ళు ఆఫీసు తావ నుంచి బకెట్టుతో మోసుకొస్తాంటే ఎందుకో అందురికీ తెలిసిపోతాది, లోపలే ఒక తొట్టి ఉంటే..." ఆగింది. "ఒక మేకు గూడా. సంచి తగిలించుకునేదానికి. కొన్ని దినాలు గుడ్డలుంటాయి గదా మేడమ్, కింద పెట్టలేము."

ఇందిరమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి ఆఫీసు గదికి తీసుకుపోయింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. మంచి మనసుతోనే చేసింది. "మీ పిల్ల చెప్పినట్టే మారుస్తాం సార్. మనం ఇంతమంది చదువుకున్నవాళ్ళం, మనకు తట్టలేదు చూడండి," అని నవ్వుతూ అంది. మిగతా టీచర్లందరూ అక్కడే ఉన్నారు.

మురళీధర్ సార్ కూడా నవ్వాడు. ఆమె జీపు గేటు దాటిపోయాక నవ్వు ఆపి, "రెడ్డెప్ప కూతురివి కదూ నువ్వు," అన్నాడు.

మంగళవారం పొద్దున్నే పని మొదలైంది. మేస్త్రీ తూర్పు వాకిలి పగలగొడుతుంటే, హీనా తండ్రి అమానుల్లా తలుపు ఊడదీసి కింద పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. బజారు వీధిలో ఆయనకు చిన్న వడ్రంగం కొట్టు ఉంది. మధ్యాహ్నానికి కుప్పుస్వామి గారి కారొచ్చి గేటు దగ్గర ఆగింది. ఎవరు చెప్పారో ఏమో, ఆయన దిగడం దిగడం కేకలేస్తూ దిగాడు.

"మా అమ్మ పేరు ఎనకతట్టుకు పెడతారా? ముళ్ళకంపల్లోకి? ఆయమ్మ మిమ్మల్ని ఏం చేసింది సార్?"

మురళీధర్ సార్ ఆయన ముందు చేతులు జోడించుకుని నిలబడ్డాడు. పాపం, ఆయన అవస్థ ఆయనది. సైన్సు ల్యాబుకు రెండు గదులు కట్టిస్తానని కుప్పుస్వామి గారు ఉగాదికి మాటిచ్చి ఉన్నారు. రిటైరయ్యేలోపు ఆ గదుల్లో ఒక్కసారి నిలబడితే చాలని సారు ఆశ. గొంతు తగ్గించి, రాయిని అంగుళం కూడా కదపబోమని చెప్పాడు. రాయి రోడ్డు వైపే ఉంటుంది, కింద వాకిలి మూసేసి గోడ కట్టేస్తారు, అంతే.

"అసలు ఈ యాపారం ఎవురు మొదలుపెట్టినారు?"

సారు వెనక్కి తిరిగి, మైదానంలో డ్రిల్లుకు నిలబడిన వరసలోకి చూపుడువేలు చాచాడు. కుప్పుస్వామి గారు ఆ వేలు పట్టుకునే వచ్చినట్టు వచ్చి మునీశ్వరి ముందర ఆగాడు. ఎగాదిగా చూశాడు. ఇప్పుడు కోపంగా లేడు, సరదాగా ఉన్నాడు.

"ఏం పాపా, నీకు అంత అర్జెంటుగా వస్తాదా?"

డ్రిల్లు వరసలన్నీ నవ్వాయి. మగపిల్లలు నవ్వారు, ఆడపిల్లలు కూడా ఓణీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవరికోసం ఈ పిల్ల నోరు విప్పిందో వాళ్ళే నవ్వారు. హీనా మాత్రం కాలి బొటనవేలితో మట్టి గీకుతూ ఉండిపోయింది.

బుధవారం సాయంత్రానికి గోడలు లేచాయి. వెనక వైపు కొత్త వాకిలి, లోపల సిమెంటు తొట్టి, గోడకు ఒక ఇత్తడి మేకు. లోపలికి తెరుచుకునేలా తలుపు బిగించి, అమానుల్లా చివరగా గడియ పెట్టాడు. నాలుగు స్క్రూలూ బిగించి, కొంచెం నూనె చుక్క వేసి, ముందుకూ వెనక్కూ ఆడించి చూసి పిలిచాడు.

"రా బేటీ. నువ్వే సూడు మొదట. గట్టిగుండాదా లేదా సెప్పు."

మునీశ్వరి లోపలికి పోయి తలుపు మూసి గడియ నెట్టింది. నున్నగా పోయి అవతలి కొక్కెంలో కూర్చుంది. ఆ పిల్ల ఇంట్లో కూడా స్నానానికి తడికె తప్ప తలుపు లేదు. తాను తీస్తే తప్ప ఎవరూ రాలేని చోట నిలబడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. రోడ్డు మీద బస్సు ఆగిన శబ్దం వినపడింది, కండక్టరు అరుపు వినపడింది, ఎవరూ కనపడలేదు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని గడియ తీసి బయటికొచ్చి, "బాగుండాది మామూ," అంది. నేరుగా కొళాయి దగ్గరికి పోయి దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగింది.

"రేపట్నుంచి నాక్కూడా ఓణీ పట్టే బాధ తప్పింది పో," అని హీనా నవ్వింది.

గురువారం ప్రేయరులో మురళీధర్ సార్ మునీశ్వరిని ముందుకు పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

"మన బడికి పేరు తెచ్చిన అమ్మాయి. ఇంజనీరు గారికే సలహా చెప్పిన అమ్మాయి. అందుకని ఈరోజు నుంచి ఈమెను మన మరుగుదొడ్ల లీడరుగా నియమిస్తున్నాను. క్లాప్స్ కొట్టండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు జేబులో నుంచి తాళంచెవి తీసి, పురికొసకు కట్టి, తానే ఆ పిల్ల మెడలో వేశాడు. వేస్తూ మెల్లగా అన్నాడు. "అడిగినోళ్ళే చూసుకోవాల కదమ్మా. పొద్దున ఒకసారి, ఇంటర్వెల్ అయినాక ఒకసారి కడగల్ల. సున్నం మరకలు, సిమెంటు మరకలు శనివారంలోపు పోవాల. శనివారం పెద్దాయన వచ్చి ప్రారంభం చేస్తాడు. అంతవరకూ ఎవరూ వాడకూడదు. నువ్వు కూడా."

అంతే. ఇందులో తిట్టు లేదు, దెబ్బ లేదు, ఎవరికి చెప్పుకున్నా మంచి మాటలాగానే ఉంటుంది. పాత వాకిలి మూసేశారు, కొత్తదానికి తాళం. ఉన్న మూడు నాలుగు వందల మంది ఆడపిల్లలూ రెండు రోజులు పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. ఆరో తరగతి పిల్ల ఒకతె బెంచీ మీదే పోసుకుని ఇంటికి పోయింది. వాళ్ళకు కోపమొస్తే ఎవరి మీద రావాలి? తాళంచెవి మెడలో ఉన్న మనిషి మీదే వచ్చింది.

మునీశ్వరి చీపురు పట్టుకుని గీకింది. రాళ్ళలా గట్టిపడ్డ సిమెంటు చుక్కల్ని కొబ్బరి చిప్పతో గీకి, బకెట్ల కొద్దీ నీళ్ళు మోసింది. పని అక్కడితో అయిపోలేదు. పక్కనే ఉన్న టీచర్ల దొడ్డి కూడా చూపించి, "దాన్ని మాత్రం ఎందుకు వదలాల," అన్నాడు సారు. మొదటి పీరియడు లెక్కలు. కిటికీలో నుంచి లెక్కల సారు గొంతు వినపడుతుంటే మునీశ్వరి చీపురు ఆపి వినేది. అంకెలు వినపడేవి గానీ బోర్డు కనపడేది కాదు. ఇంటర్వెల్ అయ్యాక సోషల్ కూడా సగం పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటే, ఎదురుగా ఉన్న పిల్లలు లేచి ఇంకో చెట్టు కిందికి పోయారు. హీనా పోలేదు. కానీ తన గిన్నె మూత పెట్టి కొంచెం అవతలికి జరుపుకుంది. ఐదేళ్ళుగా ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నవాళ్ళు. మునీశ్వరి ఆ గిన్నె వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"సబ్బేసి కడుక్కున్నా హీనా."

"నేనేమన్నానా?"

"అనలేదు."

"మిగతావాళ్ళు ఏమన్నా అంటారని," అంది హీనా, ఎటో చూస్తూ. "కోపం సేసుకోవాకు."

"నాకేం కోపం," అని మునీశ్వరి రెండు ముద్దలు మింగి క్యారియర్ మూసేసింది. హీనా కాక శుక్రవారం మొత్తం ఆ పిల్లతో ఎవరైనా మాట్లాడారంటే, "నీ దగ్గర ఫినాయిలు వాసన వస్తాంది, ఎనక బెంచీకి పో," అన్న లెక్కల సారు ఒక్కడే.

ఇంట్లో చెప్పలేదు. రాత్రి తల్లి పాపమ్మ కూతురి చేతులు చూసి ఈ బొబ్బలేంటంటే, ఆటల్లో తాడు లాగామంది. శనివారం ప్రారంభానికి తల్లిదండ్రులందర్నీ రమ్మన్నారని తెలిసి రెడ్డెప్ప ఉతికిన చొక్కా తీసిపెట్టుకున్నాడు. కూతురు చెప్పిందని ఇంజనీరు కట్టించిందట కదా అని పక్కింటివాళ్ళెవరో అంటే, లోలోపల పొంగిపోయాడు.

శనివారం పొద్దున మొదటి బస్సులోనే మునీశ్వరి వచ్చేసింది. ఆఖరిసారి కడిగి, తొట్టి నింపి, చుట్టూ ముగ్గుపొడి చల్లింది. వాకిలికి అడ్డంగా కట్టడానికి ఎర్ర రిబ్బను, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఆఫీసు గదిలో సిద్ధంగా ఉన్నాయి. మరుగుదొడ్డికి పూజేమిటని ఎవరూ అనుకోలేదు. తల్లి పేరున్న కట్టడం, మైలపడకుండా కొబ్బరికాయ కొట్టి తెరవాలని కుప్పుస్వామి గారు ముందే చెప్పి పంపించారు.

ముగ్గు పూర్తయ్యేసరికి మునీశ్వరికి పొత్తికడుపులో పట్టేసినట్టయింది. ఆ పిల్లకు ఆ నొప్పి తెలుసు. ఇంకా నాలుగు దినాలకు రావలసింది, బరువులు మోసినందుకేమో ముందే వచ్చేసింది. సంచిలో గుడ్డ ఉంది. చుట్టూ చూసింది. పిల్లలు బిలబిలా వచ్చేస్తున్నారు. గేటు బయట బస్టాపు నిండా జనం. పోవడానికి ఎక్కడా చోటు లేదు, ఒక్క చోట తప్ప. దాని తాళంచెవి మెడలోనే ఉంది. అక్క పావడా మీద మరక గుర్తొచ్చింది.

లోపలికి పోయి గడియ పెట్టుకుంది. సంచి మేకుకు తగిలించింది. తొందరపడలేదు. తొందరపడకుండా ఉండడం ఎట్లా ఉంటుందో ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. ఓణీ పట్టుకున్న చేతులు నొప్పెడుతున్నాయని ఎవరూ గొణగడం లేదు. గోడ పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

బయట ఉన్నట్టుండి చెప్పుల చప్పుడు వినపడింది. కారు అనుకున్న వేళ కంటే ముందే వచ్చేసింది. కుప్పుస్వామి గారు, ఆయన వెంట పెద్దమనుషులు, పళ్ళెం పట్టుకుని టీచర్లు, వాళ్ళ వెనక పిల్లలు, తల్లిదండ్రులు. ఎవరో తలుపు నెట్టారు. రాలేదు.

"ఎవరది లోపల?" మురళీధర్ సార్ గొంతు.

"నేను సార్."

"నువ్వంటే?"

"మునీశ్వరిని సార్. వస్తాండా."

"బయటికి రా ముందు."

"వస్తాండా సార్. ఒక్క నిమిషం."

అంతమంది ఒక పిల్ల కోసం ఆగి నిలబడడం ఆ బడిలో ఎప్పుడూ జరగలేదు. గడియ తీసి మునీశ్వరి బయటికి వచ్చింది. చేతిలో కాగితంలో చుట్టిన చిన్న పొట్లం. అక్కడున్న ప్రతి ఆడమనిషికీ అదేమిటో తెలుసు, మగవాళ్ళకు ఆడవాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

కుప్పుస్వామి గారు రెండడుగులు వెనక్కి వేశాడు. "కొబ్బరికాయ కొట్టకముందే... అదీ ఇట్ల ఉండే పిల్ల... మా అమ్మ పేరు మీద..." మాట పూర్తి చేయకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మురళీధర్ సార్ మొహంలో రక్తం లేదు. సైన్సు గదులు కళ్ళ ముందే కూలిపోతున్న మనిషిలా ఉన్నాడు. "బకెట్ తీసుకో," అన్నాడు. "నువ్వే కడుగు. కడిగి పసుపునీళ్ళు చల్లు. అయినాకనే పెద్దాయన లోపలికి వస్తాడు."

ఆ పొట్లం ఎక్కడ పెట్టాలో కూడా ఆ పిల్లకు తెలియలేదు. పావడా మడతలో దోపుకుని, బకెట్ ముంచి, అందరూ చూస్తుండగా నేల కడిగింది. నిన్నటిదాకా గీకి గీకి తెల్లగా చేసిన నేలే అది. ఒక టీచరమ్మ పసుపునీళ్ళ చెంబు చేతికివ్వకుండా గడప మీద పెట్టి పక్కకు జరిగింది. మునీశ్వరి వంగి చెంబు తీసుకుని పసుపునీళ్ళు చల్లింది. తలెత్తినప్పుడు గుంపు చివర ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డ తండ్రి కనపడ్డాడు.

"అమానుల్లా యాడుండాడు? పిలవండి," అన్నాడు సారు. "లోపలి గడియ తీసెయ్యప్పా. ఇప్పుడే."

కూతురి బడిలో తన పని చూసుకుందామని వచ్చిన అమానుల్లా జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. "సార్, ఆడబిడ్డలు... గడియ లేకుంటే ఎట్ల సార్?"

"గడియ ఉండబట్టే కదా ఇంత జరిగింది. నన్ను బయట నిలబెట్టినారు, పెద్దాయనను బయట నిలబెట్టినారు. లోపల ఎవరు ఏం చేస్తాండారో తెలియాల. తీసెయ్యమంటాండా కదా."

అమానుల్లా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క స్క్రూ తిప్పి తీశాడు. తీసినవాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన కూతురి వైపు చూడలేదు, కూతురు ఆయన వైపు చూడలేదు. తర్వాత కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, అందరూ చప్పట్లు కొట్టారు. హీనా కూడా కొట్టింది.

రెడ్డెప్ప కార్యక్రమం అయ్యేదాకా ఆగాడు. పంచిన చాక్లెట్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పదో తరగతి గదికి పోయి, ఏది కూతురి సంచో అడిగి తెలుసుకుని, తానే భుజాన వేసుకుని వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది, రెండు దెబ్బలు వేసి ఉన్నా బాగుండేది. "రా మ్మే, పోదాం," అన్నాడు అంతే.

బస్సులో మునీశ్వరి తండ్రి వైపు తిరిగింది. "పరీక్ష రాస్తా నాయనా. తప్పు నాది కాదు."

"నీది కాదు."

"సోమవారం పోతా మళ్ళా."

"సూద్దాం," అన్నాడు రెడ్డెప్ప, కిటికీలో నుంచి బయటికి చూస్తూ. ఆ ఇంట్లో సూద్దాం అంటే ఏమిటో పిల్లలందరికీ తెలుసు. అక్కకు కూడా అదే మాట చెప్పాడు.

సోమవారం రెడ్డెప్ప కూతుర్ని లేపలేదు. మంగళవారం పాపమ్మ పుస్తకాలు అటక మీద పెట్టింది, అక్క పుస్తకాల పక్కనే. శుక్రవారం పొద్దున్నే ఊళ్ళో ఆడకూలీలతో పాటు మునీశ్వరి కూడా టమేటా పెట్టెల లారీ ఎక్కింది. మదనపల్లె యార్డులో కాయలు ఏరి, పండినవి పండినవిగా, దోరవి దోరవిగా వేరు చేసే పని. ఏ మండీ అంటే కుప్పుస్వామి గారి మండీయే. చౌడేపల్లె చుట్టుపక్కల కాయలన్నీ ఆయన దగ్గరికే పోతాయి.

పుంగనూరు పొలిమేరలో బస్సొకటి అడ్డం వచ్చి లారీ ఆగింది. సరిగ్గా బడి ముందర. మునీశ్వరి పెట్టెల వెనక్కి ఒదిగి కూర్చుంది, ఎవరూ చూడకూడదని. కానీ బస్సు దిగుతున్న హీనా చూసేసింది. జ్యామెట్రీ బాక్సు తెరుస్తూ లారీ పక్కకు పరిగెత్తుకొచ్చింది.

"మునీశ్వరీ. ఇది తీస్కో." చిన్న చెక్కముక్క. ఒక కొన లావుగా, ఇంకో కొన పల్చగా, బాగా చిత్రిక పట్టింది. "తలుపు కింద ఇట్ల తోస్తే ఎవురు నెట్టినా రాదు. మా అబ్బా చేసిచ్చినాడు. క్లాసులో అందురికీ ఒకటొకటి. అందురి బాక్సుల్లో ఉండాది, సారుకు తెల్దు. ఇది నీది, నీకని దాచి పెట్టినా."

మునీశ్వరి ఆ ముక్కను తిప్పి చూసింది. నున్నగా ఉంది, ఇంకా టేకు వాసన వస్తోంది.

"నాకు యాల?"

"యాలంటే... యార్డులో గూడా పనికొస్తాది గదా."

"ఆడ తలుపు యాడుండాది," అంది మునీశ్వరి. "పెట్టెల సాటుకు పోతారంట." చెక్కముక్కను హీనా చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది. "ఆరో తరగతి పాప ఉండాది సూడు, బెంచీ మీద పోసుకునిందే. ఆ పాపకియ్యి."

హీనా ఏదో చెప్పబోయింది. పోయిన శుక్రవారం గిన్నె జరిపిన సంగతేమో, చప్పట్లు కొట్టిన సంగతేమో. బస్సు పక్కకు తప్పుకుంది, లారీ కదిలింది.

మునీశ్వరి పెట్టెల మీదకు లేచి నిలబడి వెనక్కి చూసింది. ఎత్తైన గోడ, దాని మీద నల్లరాయి, రాయి మీద అన్నపూర్ణమ్మ పేరు. దాని వెనక ఇప్పుడు ఎవరున్నారో, ఎవరు పోతున్నారో, హీనా అటే పోయిందో క్లాసుకే పోయిందో చూడాలని ఎంత మెడ సాచినా, రోడ్డు మీద నుంచి ఏమీ కనపడలేదు. అట్లా కనపడకూడదనే కదా ఆ పిల్ల అడిగింది.

"కూర్చో మే, పడతావు," అంది పక్కనున్న పెద్దమ్మ, వాళ్ళ ఊరి కూలీలకు పెద్దదిక్కు. నీళ్ళ సీసా అందించింది. "తాగు. ఎండెక్కినాక ఆడ తాగేదానికి గూడా తీరదు."

మునీశ్వరి సీసా తీసుకుంది. పెదాలు మాత్రం తడుపుకుని మూత బిగించి వెనక్కిచ్చేసింది. మదనపల్లె ఇంకా చాలా దూరం ఉంది.